మూర్ఛ పెట్టెకి, తాళాల గుత్తి పైడమ్మకి

1979 మే నెల. విశాఖపట్నంలో సీతమ్మధార. ఆ ఏడు ఎండలకి డాల్ఫిన్స్ నోస్ కొండ రెండడుగులు ముందుకు జరిగి సముద్రంలో కాళ్ళు తడుపుకుందని నేను ఇప్పటికీ చెబుతుంటాను. మా ఆవిడ నమ్మదు. ఆ నెలంతా ఆవిడ పుట్టింట్లో ఉంది, ఆవిడకేం తెలుసు.

నా వృత్తి రిఫ్రిజిరేషన్ మెకానిక్. హోటళ్ళ వాటర్ కూలర్లు, ఐస్ ఫ్యాక్టరీల కంప్రెసర్లు, చేపలు దాచే కోల్డ్ రూములు, ఇవన్నీ బిగించడం, వైరింగ్ చెయ్యడం, మొరాయిస్తే బతిమాలడం నా పని. పాతికేళ్ళుగా ఊరందరి సరుకూ చల్లబరుస్తున్నాను గానీ, ఈ ఒక్క కేసు మీద నా కోపాన్ని మాత్రం చల్లబరచలేకపోయాను. అందులో సగం కోపం నా మీద. ఆ సగం సంగతి కూడా దాచకుండా చెబుతాను.

ఎలమంచిలి నుంచి వచ్చిన గౌరినాయుడు అనే పెద్దమనిషి సీతమ్మధారలో కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీమ్ అమ్మే షాపు తెరిచాడు. షాపు పదడుగుల వెడల్పు, ఆయన మీసం పన్నెండడుగులు. స్టీల్ ప్లాంటు వస్తోంది, ఇంజనీర్లు దిగుతున్నారు, వాళ్ళ పిల్లలందరికీ తన ఐస్‌క్రీమే తినిపించాలని ఆయన పట్టుదల. అందుకు పెద్ద ఫ్రీజరు కావాలి. కొత్తది కొనడానికి మనసు రాక, పాత ఊళ్ళో ఖాదర్ భాయ్ దగ్గరికి వెళ్ళాడు. హార్బరులో విదేశీ ఓడలు దించేసిన సామాను వేలంలో పాడి అమ్మడం ఖాదర్ భాయ్ వ్యాపారం. ఆయన గోడౌనులో లంగరు గొలుసు దగ్గర్నుంచి కెప్టెన్ గడ్డం గీసుకునే అద్దం దాకా దొరకని వస్తువు లేదు.

అక్కడ దొరికిందా పెట్టె. పైకి మూత తెరుచుకునే చెస్ట్ ఫ్రీజరు. తెల్లటి ఎనామిల్ రంగు, మూతకి తళతళలాడే ఇనప హ్యాండిలు. రెండు దున్నపోతులు అందులో కాపురం పెట్టి, చుట్టాలొస్తే ఒక గది కూడా ఇవ్వచ్చు. దాన్ని ఎనిమిది మంది కళాసీలు మోశారు. కేకలు వెయ్యడానికి తొమ్మిదో మనిషిని, దాన్ని బిగించే పని ఒప్పుకున్న నేను.

బండెక్కిస్తుంటే ఖాదర్ భాయ్ నా భుజం తట్టాడు.

"మూర్తి భాయ్, ఇది అమెరికా మాలు. ఆళ్ళది అంతా ఉల్టా. మనం స్విచ్చి కిందకి కొడితే లైటెలుగుద్ది, ఆళ్ళు పైకి కొడితే ఎలుగుద్ది. ఎనకాల రేకు లోపల కాగితం అతికించి ఉంటాది, ఓపాలి సూసుకొని సెయ్యి."

"పదిహేనేళ్ళ సర్వీసు భాయ్. నాకు కాగితమెందుకు?" అన్నాను. ఆ మాట అన్న నోటిని ఈ రోజుకీ అద్దంలో చూసుకుంటే చిరాకేస్తుంది.

ఇక్కడ వైరింగు సంగతి కాస్త చెప్పాలి. యంత్రానికి మూడు తీగలుంటాయి. ఫేజు అంటే కరెంటు వచ్చే తీగ. న్యూట్రల్ అంటే తిరిగి వెళ్ళే తీగ. ఈ రెండూ కలిస్తే యంత్రం ఆడుతుంది. మూడోది ఎర్త్, యంత్రం లోహపు ఒంటిని భూమితో కలిపే తీగ. అది మామూలు రోజుల్లో ఏ పనీ చెయ్యదు. కాపలావాడు. పొరపాటున ఒంట్లోకి కరెంటు వచ్చిందా, దాన్ని భూమిలోకి లాగేసి, ఫ్యూజు ఎగరగొట్టి, అందర్నీ లేపుతుంది. మన దగ్గర ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. మా వాళ్ళకి ఇది ఎక్కాల కన్నా ముందు వస్తుంది. నిద్రలో లేపి అడిగినా, "నల్లది న్యూట్రల్" అని మళ్ళీ పడుకుంటాం.

ఆ పెట్టె తీగలు చూస్తే నలుపు, తెలుపు, ఆకుపచ్చ. ఎరుపు లేనే లేదు. నేనేం ఆలోచించానంటే, నల్లది న్యూట్రల్, ఖాయం. ఆకుపచ్చది ఎర్త్, ఖాయం. మిగిలింది తెల్లది, ఫేజు కాక మరేమవుతుంది? ఇంతటి తర్కం చేసినందుకు నాకు నేనే ఒక టీ తాగించుకున్నాను. ఆ పెట్టె నూటపది వోల్టుల మీద ఆడేది, మన కరెంటు రెండువందల ముప్ఫై. అందుకని మధ్యలో వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, అన్నీ బిగించి, స్విచ్చి వేశాను.

ఢాం! ఫ్యూజు పేలిన చప్పుడుకి సింహాచలం కొండ మీద కోతులు పనసచెట్లు దిగి పారిపోయాయి. కొత్త ఫ్యూజు తీగ వేసి మళ్ళీ వేశాను. మళ్ళీ ఢాం.

"ఏటి మూర్తీ, దీపావళి ముందే ఒచ్చీసినాదేటి?" అన్నాడు గౌరినాయుడు.

"ఒంట్లోకి కరెంటు దిగుతోంది నాయుడుగారూ. ఎక్కడ దిగుతోందో మెగ్గరు పెట్టి చూడాలి," అన్నాను. మెగ్గరంటే తీగల మీది తొడుగు ఎంత గట్టిదో కొలిచే పనిముట్టు. నాకు సొంతది లేదు. హార్బరు వర్క్‌షాపులో స్నేహితుడి దగ్గర తేవాలి. "రేపు తెస్తాను. అందాకా ఎవరూ దీని జోలికి పోకండి," అని చిలక్కి చెప్పినట్టు చెప్పి వచ్చాను.

మర్నాడు మెగ్గరు చంకన పెట్టుకుని వెళ్ళేసరికి పెట్టె హాయిగా గుర్రుపెడుతోంది. లోపల పుల్లఐసులు రాళ్ళలా గడ్డకట్టాయి. దాని పక్కన గౌరినాయుడి బావమరిది రమణబాబు, పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నాడు. ఇతగాడి వృత్తి పెళ్ళి పందిళ్ళకి రంగు బల్బుల దండలు కట్టడం.

"ఎలా ఆడుతోంది?" అని అడిగాను.

"ఏటుంది గురూ," అన్నాడు రమణబాబు గోళ్ళు చూసుకుంటూ. "ఆ పచ్చతీగ పెడితేనే ఫ్యూజు పోతంది. తీసీసి సూసినాను, పోలేదు. అది జాస్తి తీగ. కత్తిరించీసినాను."

జాస్తి తీగ! ఎర్త్‌కి ఎవరైనా అంత పేరు పెట్టారా? నా ఒంట్లో రక్తం కంప్రెసరు లేకుండానే తిరిగింది.

"అయ్యా, ఆ తీగ పెడితే ఫ్యూజు పోతోందంటే తప్పు తీగది కాదు. అది కేక వేస్తోంది. కేకేసిన కాపలావాడి గొంతు కోసేసి, ఇంక దొంగల భయం లేదంటావేమిటి?"

"కతలు సెప్పకు మూర్తీ," అన్నాడు గౌరినాయుడు. "నువ్వు రెండ్రోజులు నానబెట్టినావు. మావోడు రెండు నిమసాల్లో తేల్చీసినాడు."

"దీన్ని ముట్టుకున్న మనిషి పోతాడు నాయుడుగారూ!"

ఆయన లేచి, రబ్బరు జోళ్ళు టపటపలాడించుకుంటూ వచ్చి, హ్యాండిలు గుప్పిట పట్టుకున్నాడు. "ముట్టుకున్నాను. పోనానా?" అన్నాడు. రమణబాబు ముట్టుకున్నాడు. షాపులో సోడా తాగుతున్న వాళ్ళు కూడా వచ్చి ఒక్కొక్కరే ముట్టుకుని, నా వంక చూసి నవ్వారు. నేనూ బూటుకాళ్ళతో నిలబడి ముట్టుకున్నాను. ఏమీ లేదు.

నా పరువు అక్కడే పుల్లఐసులా కారిపోయింది. "మీ చావు మీరు చావండి," అని వచ్చేశాను. మెగ్గరు సంచీలోంచి తియ్యనే లేదు. నిజం చెప్పాలంటే, ఏదో ఒక రోజు ఫ్రీజరు చెడిపోయి, గౌరినాయుడు నా షెడ్డు గుమ్మంలో నిలబడి బతిమాలాలని కోరుకున్నాను. ఒక ప్రమాదం ఉందని తెలిసిన మనిషి అలిగి ఇంటికి పోవచ్చా? ఎవడైనా ఇంకొకడు ఆ పని చేస్తే మీరు చదువుతున్న ఈ పత్రికలోనే నాలుగు పేజీలు తిట్టేవాణ్ణి.

మూడు వారాలు గడిచాయి. ఒక ఉదయం నా షెడ్డులోకి ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఉత్త కాళ్ళు, దుమ్ము. కుడిచేతిలో మూరెడు గొలుసుకి గుచ్చిన ఇనప తాళంచెవుల గుత్తి. ఏ జమీందారు కోటలోనూ అన్ని తలుపులుండవు.

"బాబూ, నాయుడుబాబు షాపుకాడ అరిసినోడివి నువ్వే గదా?"

"నేనే. ఏం?"

"ఎందుకరిసినావో సెప్పు. నీను ఆ షాపు తుడిసే పైడమ్మని."

సబ్బవరం దగ్గర పల్లె నుంచి రోజూ పొద్దున్న బస్సులో వచ్చి షాపు కడిగి, ఫ్రీజరు తుడిచి, సీసాలు సర్దే మనిషి. నేను అరిచిన రోజు ఆవిడ అక్కడే నేల కడుగుతోందట. నేను ఆవిడని చూడలేదు. అక్కడ నవ్విన పదిమంది ముఖాలూ నాకు గుర్తున్నాయి గానీ, నవ్వని ఆ ఒక్క ముఖం కనపడనే లేదు.

"ఏం జరిగింది?" అని అడిగాను.

"పెట్టి మూత తియ్యబోతే లాగీసినాది బాబూ. సెయ్యి వొదలదు. పళ్ళు గిట్టకరుసుకుపోనాయి, ఒళ్ళంతా కొట్టీసుకున్నాది. ఎలా ఒదిలినాదో, ఎనక్కి పడిపోనాను. నాయుడుబాబు 'ఓలమ్మ, దీనికి మూర్చ ఉన్నాదిరా' అనీసినాడు. నాలుగు రోజులకి మళ్ళీ అలాగే. కంపౌండరు కాడికి తోలుకెళ్ళినారు. ఆయన మాత్తర్లిచ్చినాడు. అయి ఏసుకుంటే నిలబడి నిద్దరోతన్నాను."

"మరి ఈ గుత్తి?"

"మూర్చ మనిసి సేతిలో ఇనుముంటే రాదంట గదా. పెట్టి కాడికెళ్ళినప్పుడల్లా ఇది పట్టుకోమన్నాడు నాయుడుబాబు. మొన్న ఇది పట్టుకొనే మూత తీసినాను. ఆవేళ పడినదాన్ని పావుగంట లెగనేదంట."

మీకు అర్థమవుతోందా? తడినేల మీద ఉత్త కాళ్ళతో నిలబడ్డ మనిషి. ముట్టుకోవలసింది కరెంటు ఉన్న హ్యాండిలు. ఆవిడ చేతికి ఇనుము ఇచ్చి పంపించారు! ఇంటికొచ్చిన అల్లుడికి కూడా మనవాళ్ళు ఇన్ని మర్యాదలు చెయ్యరు, కరెంటుకి చేశారు. నూటపది వోల్టులు గనక, రోజూ చెమట ఒకేలా పట్టదు గనక ఆవిడ బతికి నా ముందు నిలబడింది. నా కోపానికి షెడ్డులో థర్మామీటరు పగిలిందంటే అతిశయోక్తి అవుతుంది. పాదరసం మాత్రం పైకెళ్ళింది.

"నాకు మూర్చ నేదు బాబూ," అంది పైడమ్మ. "మాయమ్మకి నేదు, మాయమ్మమ్మకి నేదు. ఆ పెట్టికే ఉన్నాది. నీను సెప్తే ఇనరు. సోమారం నుండి రావద్దన్నాడు. పోనీ ఇంకోసోట సేసుకుందునా, ఈదీ ఈదంతా మూర్చ మనిసి అని సెప్పీసినాడు. పొయ్యి కాడికీ నూతి కాడికీ నన్నెవులు రానిస్తారు? పని పోతే పోయింది. ఆ పేరు పోవాల."

ఆవిడ అడిగింది అదొక్కటే. టెస్ట్ ల్యాంపు, మెగ్గరు, స్క్రూడ్రైవరు సంచీలో పడేసి బయల్దేరాను.

మధ్యాహ్నం. షాపు నిండా జనం. గౌరినాయుడు చెక్క బల్ల మీద, రబ్బరు జోళ్ళలో, లక్ష్మీదేవి పటం కింద కూర్చున్నాడు. ఇక్కడ ఆ షాపు ఆచారం ఒకటి చెప్పాలి. లోపల లక్ష్మి తిరుగుతుంది గనక పనివాళ్ళు జోళ్ళు గుమ్మం బయట వదలాలి. పైడమ్మ చెబితేగాని నాకు తెలియలేదు. నాయుడి జోళ్ళు, బావమరిది జోళ్ళు, కొనేవాళ్ళ జోళ్ళు లక్ష్మికి అభ్యంతరం లేదు. పైడమ్మవి మాత్రమే గిట్టవు.

"మళ్ళీ ఒచ్చినావేటి మూర్తీ?" అన్నాడు నాయుడు. "మూర్చ మనిసి మాటలు పట్టుకొనా?"

"ఈవిడకి మూర్ఛ లేదు. మీ పెట్టె షాకు కొడుతోంది."

"అందరికీ కొట్టని పెట్టి దీనికే కొడతాదేం? పెట్టికి కులాలున్నాయేటి?" అని ఆయన లేచి మళ్ళీ హ్యాండిలు పట్టుకున్నాడు. "సూడు!"

పైడమ్మ గుమ్మంలోంచే అంది. "నాయుడుబాబూ, జోళ్ళిప్పీసి పట్టుకోండి."

అంతే. పదిహేనేళ్ళ సర్వీసు, అరువు మెగ్గరు, నా తర్కం, అన్నీ కలిసి చెప్పలేని మాట ఆవిడ చెప్పింది. రబ్బరు జోడు వేసుకున్న మనిషి ద్వారా కరెంటు భూమిలోకి పోలేదు, అందుకే అతనికి తెలియదు. ఆ రోజు ముట్టుకున్న వాళ్ళందరం జోళ్ళవాళ్ళమే.

నేను సంచీలోంచి టెస్ట్ ల్యాంపు తీశాను. మామూలు బల్బుకి రెండు పొడుగాటి తీగలు, అంతే. ఒక కొస హ్యాండిలు స్క్రూకి, ఇంకో కొస కుళాయి గొట్టానికి ఆనించాను. బల్బు ఎర్రగా, కోపంగా వెలిగింది. స్విచ్చి లేదు, హోల్డరు లేదు, ఫ్రీజరు హ్యాండిలు మీద బల్బు వెలుగుతోంది! ఒకాయన సోడా గొంతులోనే నిలబడిపోయింది.

"అది ఊరికే ఎలుగుతాది బావా, నమ్మకు," అన్నాడు రమణబాబు.

"ఊరికే అయితే జోళ్ళిప్పండి బాబూ," అంది పైడమ్మ మళ్ళీ. "నీను మూడుపాల్లు పట్టుకున్నాను. తవరు ఒక్కపాలి."

గౌరినాయుడు తడినేల వైపు చూశాడు. పదిమందీ ఆయన కాళ్ళ వైపు చూశారు. ఆయన బొటనవేలు జోడు అంచు దాకా వచ్చింది. కాసేపు అక్కడ నిలబడింది. మెల్లిగా మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఆయన నమ్మకం ఎంతో ఆ వేలు చెప్పేసింది. ఆవిడ చెప్పింది అబద్ధమని ఊరంతా చాటిన మనిషి, ఆ అబద్ధం మీద ఒక్క నిమిషం నిలబడలేకపోయాడు!

ప్లగ్గు పీకేసి, వెనక రేకు నాలుగు స్క్రూలు విప్పాను. బాధ్యుడు రమణబాబే అని, అతణ్ణి పదిమందిలో కడిగేద్దామని నాకు ఎంత ఉత్సాహంగా ఉందో! రేకు ఊడింది. లోపల ఖాదర్ భాయ్ చెప్పిన కాగితం, చెక్కు చెదరకుండా అతికించి ఉంది. ఇంగ్లీషులో రాసి ఉంది: నలుపు, కరెంటు వచ్చే తీగ. తెలుపు, న్యూట్రల్.

నా గుడ్లు బయటికొచ్చాయి. అమెరికా వాళ్ళకి నల్లది ఫేజు! పైగా ఆ పెట్టెలో న్యూట్రల్ తీగని ఒక ఇత్తడి పట్టీతో ఒంటికి కలిపేశారు. తీగలు సరిగ్గా కలిపితే దానివల్ల షాకు రాదు. నేను తెల్లదానికి ఫేజు ఇచ్చాను, అంటే పెట్టె ఒంటికే ఫేజు ఇచ్చాను. ఎనామిల్ రంగు ఉన్నచోట పట్టుకుంటే తెలియదు. హ్యాండిలు దగ్గర రంగు లేదు. ఆకుపచ్చ తీగ మొదటి రోజే రెండుసార్లు ఢాం అని నాకు చెప్పింది. రమణబాబు దాని గొంతు కోశాడు, సరే. కానీ విషం పెట్టింది నేను. నాలుగు స్క్రూలు విప్పి కాగితం చదివి ఉంటే సరిపోయేది. నాలుగు!

అక్కడ ఇంగ్లీషు చదవగలిగిన వాణ్ణి నేనొక్కణ్ణే. నోరు మూసుకుని తీగలు మార్చేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని చెప్పను. కానీ గుమ్మంలో పైడమ్మ ఉంది. ఒక అబద్ధాన్ని మోయలేకనే ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"నలుపూ తెలుపూ తారుమారు చేసింది నేను," అన్నాను. "ఎర్త్ కోసేసింది రమణబాబు. ఇద్దరం కలిసి ఈవిణ్ణి చంపబోయాం."

గౌరినాయుడి ముఖం పెట్రోమాక్సులా వెలిగింది. "అలాగ సెప్పు! తప్పు నీదేనన్నమాట! అందరూ ఇన్నారా? మూర్తిదే తప్పు!"

"ఎవుడి తప్పైతేటి బాబూ," అంది పైడమ్మ. "అయి తరవాత తేల్చుకోండి. నాకు మూర్చ నేదని సెప్పండి."

"నేదులే, నేదు. ఎల్లి పని సూసుకో."

"నాకు కాదు. నన్ను మూర్చ మనిసని ఎవులెవులికి సెప్పినారో ఆళ్ళకి సెప్పండి."

ఆయన మీసం దువ్వుకుని, "మూర్తీ, తొందరగా తీగలు కలుపు, సరుకు కరిగిపోతంది," అన్నాడు. నిజమే. పెట్టె ఆగి పావుగంటయింది, మే నెల ఎండ, అసలే అది ఉల్టా పెట్టె. పెట్టె అడుగున నీళ్ళు పోయే బెజ్జంలోంచి స్ట్రాబెర్రీ రంగు చుక్క ఒకటి మొహమాటంగా తొంగి చూసింది.

నేను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాను. "ముందు మూర్ఛ సంగతి తేల్చండి. తీగలు తరవాత కలుపుతాను."

"ఇదేటి దౌర్జన్యం!"

"దౌర్జన్యమే," అన్నాను. ఒప్పుకోవలసింది ఒప్పుకోవాలి. రెండో చుక్క కింద పడింది.

అలా బయల్దేరింది మా ఊరేగింపు. ముందు పైడమ్మ, వెనక గౌరినాయుడు, ఆయన వెనక నేను, మా వెనక సోడా తాగుతున్న వాళ్ళందరూ గ్లాసులతో సహా. ఉత్సవ విగ్రహం వెనకాల కూడా అంత భక్తిగా జనం నడవరు. మొదట టీ కొట్టు.

"పైడమ్మకి మూర్చ నేదు. అది కరెంటు సాకు," అన్నాడు నాయుడు, టీ గిన్నెతో చెబుతున్నట్టు.

"గట్టిగా బాబూ," అంది పైడమ్మ.

రెండోది దర్జీ షాపు. అక్కడ ఆయన "మూర్తి అనీవోడు తీగలు తప్పుగా పెట్టి..." అని మొదలెట్టాడు. పైడమ్మ చెయ్యెత్తింది. "ఆయన మాట ఆయన సెప్పుకుంటాడు. తవరు నా మాట సెప్పండి." ఆయన చెప్పాడు. తరవాత నా మాట నేను చెప్పుకున్నాను. దర్జీ కొలతల టేపు మెళ్ళో వేసుకుని, ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఇద్దరికీ బుద్ధి ఒక్క సైజే," అన్నాడు.

చివరిది కంపౌండరు. ఆయన ఒప్పుకోలేదు. "మూర్ఛ లేకపోతే నా మాత్రలకి ఎలా తగ్గింది?" అన్నాడు.

"తగ్గనేదు బాబూ," అంది పైడమ్మ. "నిద్దర మాత్రం బాగా పట్టినాది." చేతిలో తాళాల గుత్తి ఆయన బల్ల మీద పెట్టింది. గల్లుమంది. "ఇది తవరుంచీసుకోండి. మరెవులికైనా ఇద్దురు గాని."

తిరిగి వచ్చేసరికి ఐస్‌క్రీమ్ సగం పాయసమైంది. నేను నల్లదానికి ఫేజు ఇచ్చాను, తెల్లదానికి న్యూట్రల్. ఇత్తడి పట్టీ ఊడదీశాను. కోసిన ఎర్త్ మళ్ళీ కలిపి, గట్టిగా ఉందో లేదో లాగి చూశాను. మెగ్గరు పెట్టాను. స్విచ్చి వేశాను. ఫ్యూజు నిలబడింది. టెస్ట్ ల్యాంపు హ్యాండిలుకి ఆనించాను, వెలగలేదు. అన్నీ అయ్యాక బూట్లు, మేజోళ్ళు విప్పి, బకెట్టు నీళ్ళు నేల మీద పోయించుకుని, హ్యాండిలు రెండు చేతులా పట్టుకున్నాను. చల్లగా ఉంది, అంతే. ముందు నేను, తరవాత పైడమ్మ. అప్పటిదాకా ఆవిణ్ణి ముట్టుకోనివ్వలేదు.

"సోమారం వొస్తావా మరి?" అని గౌరినాయుడు పక్కకి చూస్తూ అడిగాడు.

"వొస్తాను," అంది. "జోళ్ళేసుకొని వొస్తాను."

ఆయన లక్ష్మి పటం వైపు చూశాడు. లక్ష్మి ఏమీ అనలేదు. క్షమించమన్న మాట ఆ రోజు ఆయన నోట రాలేదు, తరవాతా రాలేదు. నా నోట వచ్చింది గానీ, పైడమ్మ దానికి పెద్దగా విలువ ఇచ్చినట్టు లేదు. "ఈపాలి కాగితం సదువుకో బాబూ," అంది, అంతే.

ఆ తరవాత ఎన్నో యంత్రాలు బిగించాను. ఓడ సామాను వచ్చిందంటే రేకు విప్పకుండా, మీటరు పెట్టకుండా ఏ రంగునీ నమ్మను. ఫ్యూజు పోతే ఫ్యూజుని కాదు, దాన్ని తిట్టినవాణ్ణి అనుమానిస్తాను. పని ముగించాక, యంత్రం క్షేమమని సంతకం పెట్టే ముందు మాత్రం ఒక ప్రశ్న వేస్తాను: "ఈ యంత్రాన్ని తుడిచే మనిషి ఎవరు?"

స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్ దగ్గర ఒక క్యాంటీనులో కోల్డ్ రూము బిగించినప్పుడు, అక్కడి ఇంజనీరు నా ప్రశ్న విని నవ్వాడు. "ఆవిడకి కరెంటు గురించి ఏం తెలుసయ్యా?" అన్నాడు.

"ఏమీ తెలియదు సార్. తప్పు జరిగితే మొదట తెలిసేది మాత్రం ఆవిడకే," అన్నాను.

ఆయన గడియారం చూసుకున్నాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆవిడ వచ్చి, మూడు రోజులు తుడిచి, ఏమీ లేదని తన నోటితో చెప్పేదాకా నేను పెన్ను జేబులోంచి తియ్యలేదు.